నిరాశలో కూరుకుపోయిన మనిషికి తోడుండటం ఎలా: ఇంట్లోవాళ్ళ కోసం ఒక సమగ్ర మార్గదర్శి

మా తమ్ముడు ఉద్యోగం పోయి హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చేసిన ఏడాది, మొదటి రెండు నెలలూ ఇంటిల్లిపాదీ చేసిన పని ఒక్కటే, వాడికి నచ్చజెప్పడం. అమ్మ దేవుడి మీద భారం వెయ్యమంది. నాన్న తన కాలంలో పడిన కష్టాలన్నీ ఏకరువు పెట్టారు. నేను వాడి చదువు, అనుభవం, వయసు అన్నీ లెక్కగట్టి చూపించాను. మా మాటల్లో అబద్ధమేమీ లేదు. అయినా ప్రతి సంభాషణ తర్వాతా వాడు ఇంకాస్త లోపలికి ముడుచుకుపోయేవాడు. నిరాశ వాదనకు లొంగదనీ, మేము గెలిచిన ప్రతిసారీ వాడు మరోసారి ఓడిపోయినట్లు భావిస్తున్నాడనీ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత మేము నేర్చుకున్నవీ, వైద్యులు చెప్పినవీ కలిపి, ఏది ముందు చేయాలో ఏది తర్వాత చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: గుర్తుపట్టడం

మన ఇళ్ళలో మనసు బాగాలేనివారు ఆ మాటను ఆ రూపంలో చెప్పడం అరుదు. నీరసంగా ఉందంటారు, గుండె దడగా ఉందంటారు, తల బరువు, ఒళ్ళంతా మంటలు, గ్యాస్, నరాల వీక్‌నెస్ అంటారు. ఊళ్ళో ఆరెంపీ దగ్గర బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ వేయించుకుంటారు, సెలైన్ ఎక్కించుకుంటారు, రెండు రోజులు కాస్త తేలికపడినట్లుండి మళ్ళీ మొదటికి వస్తారు. ఇవి నటనలు కావు. దిగులు నిజంగానే శరీరం ద్వారా మాట్లాడుతుంది, ఆ నొప్పి నిజమైన నొప్పే. మగవారిలో అది చాలాసార్లు కోపంగానో తాగుడుగానో బయటపడుతుంది, పెద్దవారిలో మతిమరుపులా కనిపిస్తుంది. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదని ఏడిస్తే, బాలింత నీరసమని కొట్టిపారేయకుండా ఆ మాటను అక్షరాలా నమ్మి వైద్యులకు చెప్పాలి.

రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, లేదా ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనులమీద ఆసక్తి పూర్తిగా పోవడం, వీటితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతిని, తాను దేనికీ పనికిరానన్న భావన కనీసం రెండు వారాల పాటు వదలకుండా ఉంటే దాన్ని కుంగుబాటుగా (డిప్రెషన్‌గా) అనుమానించి వైద్యుడిని కలవాలి. అయినవారు పోయినప్పుడు కలిగే దుఃఖం దీనికి దగ్గరగానే ఉంటుంది గానీ, అది అలలు అలలుగా వచ్చిపోతుంది, మధ్యలో ఒక పాత జ్ఞాపకానికి నవ్వు కూడా వస్తుంది. కుంగుబాటులో ఆ మధ్య విరామాలు ఉండవు, మనిషి తనను తానే అసహ్యించుకోవడం మొదలవుతుంది.

పేరు పెట్టడానికి తొందరపడకుండా చిన్న విషయాలు గమనించండి. మా తమ్ముడు రోజంతా టీవీ చూస్తున్నాడని మేము అనుకునేవాళ్ళం. ఒకరోజు పక్కన కూర్చుంటే, టీవీ మ్యూట్‌లో ఉందనీ, అరగంటగా ఛానెల్ మారలేదనీ, ముందున్న కాఫీ మీద తరక కట్టిందనీ కనిపించింది. అంతవరకూ అదే గదిలోంచి రోజుకు పదిసార్లు నడిచి వెళ్ళినదాన్ని నేను.

రెండవ అడుగు: మాట కలపడం

ఎదురెదురుగా కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, "నీతో ఒక విషయం మాట్లాడాలి" అని మొదలుపెడితే అది పంచాయితీ అవుతుంది. పక్కపక్కన ఉండి చేతులకు పని ఉన్నప్పుడు మాటలు సులువుగా వస్తాయి. బండి మీద వెళ్తున్నప్పుడు, మేడ మీద బట్టలు తీస్తున్నప్పుడు, కూరగాయలు బాగుచేస్తున్నప్పుడు మనిషి ఎదుటివారి కళ్ళలోకి చూడనక్కరలేదు కదా.

మాకు ఆ అవకాశం పెరటి గుమ్మం మీద దొరికింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వాడు వచ్చి పక్కన కూర్చుని, అడగకుండానే గుప్పెడు కాయలు తీసుకున్నాడు. కాసేపటికి, "అక్కా, పొద్దున్నే మెలకువ రాగానే, ఎందుకు వచ్చిందా అనిపిస్తోంది" అన్నాడు. నా నోటి చివర నాలుగు ధైర్యవచనాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని మింగి, "రోజూ అలాగే ఉంటోందా?" అని మాత్రం అడిగాను. చేతిలో కాయను ముక్కలు ముక్కలుగా తుంచుతూ వాడు చాలాసేపు మాట్లాడాడు. ఆ సాయంత్రం కూరకు కాయలు చాలలేదు.

అనకూడని మాటలు మనందరికీ నోటికి వచ్చినవే. "అందరికీ ఉండేవే కష్టాలు", "నీకేం తక్కువైందని", "గుండె దిటవు చేసుకో", "మమ్మల్ని చూసైనా", "అన్నానికి లేనివాళ్ళు హాయిగా బతకడం లేదా". వీటిలో ప్రతిదీ వినేవారికి ఒకే అర్థంలో చేరుతుంది, ఈ బాధ పడే అర్హత కూడా తనకు లేదని. "మమ్మల్ని చూసైనా" అన్నది వీటిలో మరీ ప్రమాదకరమని నా అభిప్రాయం. తాను ఇంటికి భారమన్న ఆలోచన అప్పటికే తొలుస్తున్న మనిషి మీద మన బరువు కూడా పెట్టే మాట అది.

అనదగిన మాటలు పొట్టిగా ఉంటాయి. "నీకు చాలా కష్టంగా ఉన్నట్టుంది." "నాకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు, అయినా వింటాను." "ఇప్పుడేమీ చెప్పాలనిపించకపోతే ఊరికే కూర్చుందాం." వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే తిరిగి అడగండి. మౌనం వస్తే దాన్ని నింపడానికి ఆత్రపడకండి. కన్నీళ్ళు వస్తే వెంటనే ఊరుకోమనకండి. ఒక్కసారి మాట్లాడి తలుపు మూసుకుపోయినా నొచ్చుకోకుండా, రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే గుమ్మం మీద కూర్చోండి.

మూడవ అడుగు: చావు గురించి సూటిగా అడగడం

అందరూ దాటవేసే అడుగు ఇది. అశుభం పలకకూడదన్న సంకోచం ఒకటి, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం మరొకటి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఎన్నాళ్ళుగానో ఒంటరిగా మోస్తున్నదాన్ని దించుకోవడానికి అది ఒక అవకాశం ఇస్తుంది. "పిచ్చి పిచ్చి ఆలోచనలేమీ రావడం లేదు కదా?" అని అడిగితే "లేదు" అన్న జవాబు మనమే అందించినట్టవుతుంది. "ఇంత బాధలో ఉన్నప్పుడు కొందరికి చచ్చిపోవాలనిపిస్తుంది. నీకూ అలా అనిపిస్తోందా?" అని నెమ్మదిగా, ముఖం చెదరకుండా అడగండి.

ఔనంటే అరవకండి, ఒట్లు వేయించుకోకండి, ఎవరికీ చెప్పనని మాట కూడా ఇవ్వకండి. "నువ్వు నాకు చెప్పడం మంచిదైంది. దీన్ని మనిద్దరమే మొయ్యలేం, సాయం చేయగలిగినవాళ్ళకు చెబుదాం" అనండి. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన దాకా వెళ్ళారేమో అడగండి. అంత దూరం వెళ్ళినట్లయితే ఆ క్షణం నుంచి వారిని ఒంటరిగా వదలకూడదు. అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, దారి తోచకపోతే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. వెళ్ళేలోపు మాట్లాడటానికి టెలిమానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ సేవకు 14416 నంబరుకు ఇరవైనాలుగు గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడుతున్నవారే చేయాలన్న నియమం లేదు. ఏం చేయాలో తెలియని అక్కలూ అమ్మలూ కూడా చేయవచ్చు.

ఇంట్లో ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా చేయడం తర్వాతి పని. ప్రాణం తీసుకోవాలన్న తీవ్రత చాలామందిలో కొద్దిసేపు ఉద్ధృతంగా ఉండి తగ్గుతుంది. ఆ కాసేపు సాధనం చేతికి అందకపోతే ప్రాణం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది. వ్యవసాయ కుటుంబమైతే పురుగుమందు ఒక్క సీసా కూడా ఇంట్లోగానీ పొలం షెడ్డులోగానీ ఉంచకుండా నమ్మకమైన మరో ఇంటికి తరలించండి. నాన్నగారి బీపీ మాత్రలు, అమ్మ నిద్రమాత్రలు సహా మందులన్నీ తాళం వేసిన చోట పెట్టి ఏ రోజువి ఆ రోజు తీసి ఇవ్వండి. ఇది అనుమానించినట్లు అనిపిస్తుందని వెనకాడకుండా, "ఈ నాలుగు రోజులు నా మనశ్శాంతి కోసం" అని వారికి చెప్పే చేయండి. అప్పటిదాకా కుమిలిపోయిన మనిషి ఏ కారణమూ లేకుండా హఠాత్తుగా నెమ్మదించి, వస్తువులు పంచిపెట్టడం, అప్పగింతల్లాంటి మాటలు మాట్లాడటం మొదలుపెడితే కుదుటపడ్డారని సంబరపడకుండా మరింత కనిపెట్టి ఉండండి.

పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, వారికి చికిత్స, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ లేదు. ఆసుపత్రి వారు నమోదు చేసుకోవలసిన వివరాలు నమోదు చేసుకుంటారు. మీరు చూడవలసింది ఎంత త్వరగా చేరామన్నది మాత్రమే.

నాలుగవ అడుగు: వైద్యుడి దాకా తీసుకువెళ్ళడం

"ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి" అన్నది మన భాషలో ఎప్పటి నుంచో ఒక ఎగతాళి. ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఎందరినో కోలుకునేలా చేసి ఇళ్ళకు పంపినా, ఆ మాట వల్ల గడప దాటలేనివారు చాలామంది. అందుకే పేరు దగ్గర పేచీ పెట్టుకోవద్దు. "నిద్ర పట్టడం లేదు కదా, దానికోసం ఒకసారి చూపించుకుందాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు, పైగా అది అబద్ధం కాదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. మానసిక వైద్యుడి దగ్గరికి నేరుగా రానంటే ముందు తెలిసిన జనరల్ ఫిజీషియన్‌కు చూపించండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాంటి లక్షణాలు కలిగిస్తాయి కాబట్టి ఆ పరీక్షలు ఎలాగూ అవసరమే.

సైకియాట్రిస్ట్ అంటే వైద్య విద్య చదివి మందులు రాయగల డాక్టరు, సైకాలజిస్ట్ మాటల ద్వారా చికిత్స చేసే నిపుణుడు. కుంగుబాటు తేలికగా ఉంటే మాటల చికిత్స ఒక్కటే చాలవచ్చు, తీవ్రంగా ఉంటే రెండూ కావాలి. వెళ్ళే ముందు రోజు ఒక కాగితం మీద ఎప్పటి నుంచి, ఎన్ని గంటలు నిద్ర, ఎంత తిండి, ఎంత బరువు తగ్గారు, ఏ మందులు వాడుతున్నారు, తాగుడు ఉందా, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అన్నవి రాసుకోండి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహంతో, పట్టపగ్గాలు లేని ఖర్చులతో గడిపిన రోజులుంటే అది తప్పక చెప్పాలి, ఎందుకంటే దాన్ని బట్టి మందే మారిపోతుంది. డాక్టరు ముందు మీరే అంతా మాట్లాడేయకండి. కాగితం ఇచ్చి, కాసేపు బయట కూర్చుంటానని మీ అంతట మీరే లేవండి.

ఒక మనవి. ఇంట్లో ఎవరైనా తాయెత్తు కట్టిస్తామన్నా, దర్గాకో గుడికో తీసుకువెళ్తామన్నా, చర్చిలో ప్రార్థన చేయిస్తామన్నా దానిమీద యుద్ధం ప్రకటించకండి. మందు ఆపనంత వరకూ, కొట్టడం, కట్టివేయడం, పస్తులుంచడం లాంటివి లేనంత వరకూ అది పెద్దలకు ఊరట. ఆ షరతు మాత్రం ముందే గట్టిగా చెప్పండి.

ఐదవ అడుగు: మందు పనిచేసేదాకా నిలబడటం

చాలా ఇళ్ళలో చికిత్స దెబ్బతినేది ఇక్కడే. కుంగుబాటు మందులు తలనొప్పి మాత్రలా పూటలో పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలకు తేడా మొదలవుతుంది, పూర్తి ఫలితం కనిపించడానికి ఆరు వారాలు లేదా ఇంకాస్త పట్టవచ్చు. మొదటి వారంలో మాత్రం వికారం, నోరెండిపోవడం, తలనొప్పి, మత్తు వంటివి ముందే వచ్చేస్తాయి. అంటే మేలు కనబడకముందే ఇబ్బంది కనబడుతుంది. "ఈ మందులతో మనిషి ఇంకా పాడైపోయాడు" అని మేనత్త అనేది సరిగ్గా ఆ వారంలోనే. ఈ క్రమం ముందే తెలిసి ఉంటే ఆ వారాన్ని దాటించగలరు. అయితే మొదటి కొద్ది వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వారిలో, అసహనం గానీ కాలు నిలవని కంగారు గానీ చావు ఆలోచనలు గానీ పెరిగితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

బాగైపోయిందని మందు సొంతంగా ఆపకూడదు. సాధారణంగా కుదుటపడిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించి, ఆపై డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు. ఈ మందులకు అలవాటు పడిపోతారన్న భయం చాలామందికి ఉంది. ఆ భయం నిద్రమాత్రల విషయంలో ఎక్కువ సబబు. కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలకు దూరంగా ఉండండి. మద్యం కుంగుబాటును పెంచుతుంది, మందులతో కలిస్తే మరీ ప్రమాదం.

ఆరవ అడుగు: రోజును చిన్న ముక్కలు చేయడం

ఉత్సాహం వస్తే పని చేస్తారని మనం ఎదురుచూస్తాం. కుంగుబాటులో వరుస తిరగబడుతుంది, పని కొంచెం చేస్తే ఉత్సాహం కొంచెం వస్తుంది. ఆ కొంచెం ఎంత చిన్నదంటే, స్నానం చేయడం కూడా ఆ రోజుకు పెద్ద పనే కావచ్చు. "బయటికెళ్ళి నలుగురిలో తిరుగు" అన్నది పని కాదు, కొండ. "వీధి చివర పాలబూత్ దాకా నాతో రా" అన్నది పని. "ఏం కావాలో చెప్పు, చేసిపెడతా" అని ఎంపిక వారి మీద పెట్టకుండా, "చారన్నం కలిపి తెచ్చాను, నాలుగు ముద్దలు చాలు" అనండి. నాలుగు ముద్దలు తిన్నాక ఐదోదానికి బతిమాలకండి. మాట నిలబెట్టుకుంటారన్న నమ్మకం వారికి ఆ ముద్ద కన్నా ఎక్కువ అవసరం.

చాలామందికి తెల్లవారుజాము గంటలు అన్నిటికన్నా భారం. మూడున్నరకో నాలుగుకో మెలకువ వచ్చేస్తుంది, ఇల్లంతా నిద్రలో ఉంటుంది. ఆ వేళకు వారితోపాటు ఎవరో ఒకరు లేచి టీ పెడితే, వెలుగొచ్చాక కాసేపు నడిపిస్తే మిగతా రోజు కొంత తేలికవుతుంది. అమెరికాలో ఉన్న అన్నకో చెల్లికో నేను ఒప్పగించే పని ఇదే. మన తెల్లవారుజాము వారికి మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది, రోజూ ఆ వేళకు పది నిమిషాలు ఫోన్ చేయవచ్చు. డబ్బు పంపి, వారానికోసారి వీడియోలో ధైర్యం చెప్పడం కన్నా అది ఎంతో విలువైనది. అక్కడే ఉన్న తెలుగువారికి, ముఖ్యంగా ఒంటరి విద్యార్థులకు అలాంటి అవస్థ వస్తే ఫోన్ చేసి సాయం అడగడానికి అమెరికాలో 988 నంబరు ఉంది.

నిరాశకు వెనక నిజమైన సమస్య ఉంటే దాన్ని కూడా ముక్కలు చేయాలి. అప్పులైతే ఎవరికి ఎంత అన్నది కాగితం మీద పెట్టి, ఫోన్లు ఎత్తే పని కొన్నాళ్ళు మీరు తీసుకోండి. లోన్ యాప్‌ల వారు ఫొటోలు మార్చి బెదిరిస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. ఇంటర్ ఫలితాల రోజైతే మార్కుల ప్రస్తావన ఆ రాత్రికి పూర్తిగా పక్కనపెట్టి, పిల్లవాడి పక్కన పడుకోండి. సప్లిమెంటరీ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. పెళ్ళి, ఉద్యోగం మానేయడం, భూమి అమ్మడం వంటి పెద్ద నిర్ణయాలేవీ ఈ కాలంలో తీసుకోనివ్వకండి. పెళ్ళి చేస్తే సర్దుకుంటారన్న సలహా ఇచ్చేవారికి మర్యాదగా కాఫీ ఇచ్చి పంపండి.

ఏడవ అడుగు: చుట్టాలు, మీరు

పరామర్శకు వచ్చేవారు ప్రశ్నలతో వస్తారు. ఏం చెప్పాలో, ఎవరికి ఎంతవరకు చెప్పాలో బాధపడుతున్న మనిషినే అడిగి ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండండి. "ఒంట్లో బాగాలేదు, మందులు వాడుతున్నాడు" అన్నది చాలు.

మీకూ ఒక మనిషి కావాలి. మొదటి మూడు నెలలూ ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా అన్నీ నేనే చూసుకున్నాను. నాలుగో నెలలో గిన్నె చేజారిందని అమ్మ మీద అరిచి, ఆ వంటింట్లోనే కూలబడి ఏడ్చాను. ఆ తర్వాత వంతులు వేసుకున్నాం. రాత్రి నాన్న, తెల్లవారుజాము నేను, మధ్యాహ్నం బాబాయి. ఆదివారం సాయంత్రం నాకు సెలవు. మీకు వారి మీద విసుగు, కోపం వస్తే అది ప్రేమ తగ్గడం కాదు, అలసట. అది మరీ పెరిగితే 14416 మీ కోసం కూడా.

కోలుకోవడం తిన్నని గీతలా ఉండదు. పది రోజులు బాగుండి రెండు రోజులు మళ్ళీ మంచం దిగకపోవచ్చు. అది మొత్తం వెనక్కి పోవడం కాదని వారికన్నా ముందు మీరు నమ్మాలి. బాగున్న రోజుల్లో వారితో కూర్చుని, ఈసారి వస్తే మొదట కనిపించే గుర్తులేమిటో, అప్పుడు ఎవరికి చెప్పాలో, ఏ మాటలు తనకు పనికొచ్చాయో వారి చేతనే రాయించండి. మా తమ్ముడు రాసిన కాగితం వంటింట్లో క్యాలెండరు వెనక గోడకు అంటించి ఉంది. మొదటి వరుసలో "టీవీ మ్యూట్‌లో పెడితే" అని ఉంటుంది. రెండో వరుసలో డాక్టరు నంబరు, మూడో వరుసలో నా పేరు, దాని కింద "సలహాలు ఇవ్వకూడదు" అని గీత గీసి రాశాడు.